పాలు పడని ఇల్లు

మా తమ్ముడి కూతురు ఈమధ్యే కాలిఫోర్నియాలో ఒక విక్ క్లినిక్‌లో పోషకాహార సలహాదారుగా చేరింది. వారం తిరగకుండానే ఫోన్. "అత్తా, పాలకి బదులు సోయా ఇవ్వమని రోజుకి నలుగురు అడుగుతున్నారు. పుస్తకంలో ఒకటి ఉంది, పక్క టేబులావిడ ఇంకోటి చెబుతోంది. నువ్వు ఇరవై ఆరేళ్లు ఇదే పని చేశావు కదా, చెప్పు." ఫోన్లో చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుందని తెలుసు. రాసి పంపిస్తానన్నాను. రాశాక చూసుకుంటే దాని ఒక్కదానికే పరిమితం చెయ్యక్కర్లేదనిపించింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. విక్ అమెరికా వ్యవసాయ శాఖ డబ్బుతో నడిచే పథకం. గర్భిణులకి, బాలింతలకి, ఐదో పుట్టినరోజు వచ్చేదాకా పిల్లలకి నెలనెలా ఫలానా సరుకులు ఇన్ని అని ఇస్తుంది. ఇంటి ఆదాయం పేదరిక రేఖకి 185 శాతం దాటకూడదు. నెలకి అరవై లక్షల మందికి పైగా దీని మీద ఆధారపడ్డారు. మన అంగన్‌వాడీకి దూరపు చుట్టం అనుకోండి, వయసులోనూ ఈడే. మొదటి విక్ కేంద్రం 1974 జనవరిలో కెంటకీ రాష్ట్రంలోని పైన్‌విల్‌లో తెరిచారు, అంగన్‌వాడీలు నడిపే మన ఐసీడీఎస్ పథకం 1975 గాంధీ జయంతి నాడు మొదలైంది. విక్‌లో వండి పెట్టరు, కొట్లో తెచ్చుకోమని కార్డు ఇస్తారు. ఆ కార్డులో పాలదే పెద్ద వాటా. అందుకే పాలు తాగనివాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడు మనకి తిప్పలు.

ఇక నీకు, అమ్మాయ్.

1. "అలవాటైపోతుందిలే" అనకు.

నేను తెనాలి పక్క పల్లెలో గేదెల మధ్య పుట్టాను. తెల్లారగట్ల చెంబులో పాలధార పడే చప్పుడుకి మెలకువ వచ్చేది. పాలు తాగలేని మనిషి ఉంటాడంటే అది గారాబం అనుకునేదాన్ని. అలాంటిదాన్ని 1995లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో విక్ క్లినిక్ కుర్చీలో కూర్చోబెట్టారు.

మొదటి ఏడు ఒక హ్మాంగ్ తల్లి వచ్చేది. హ్మాంగ్ వాళ్లు లావోస్ కొండల మనుషులు, అక్కడి యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చి ఫ్రెస్నోలో వేలల్లో స్థిరపడ్డారు. కడుపుతో ఉంది, ఒళ్లో మూడేళ్ల పిల్ల. అప్పటి కాగితపు పాల చీటీలు ఒక్కటీ పోగొట్టుకోకుండా తీసుకెళ్లేది. "పాలు తాగుతున్నారా?" అని దుబాసీ చేత అడిగిస్తే "తాగుతున్నాం" అనేది. నేను కాగితం మీద టిక్కు పెట్టేదాన్ని. నాలుగు నెలలు ఇదే తంతు. ఒకరోజు ఎందుకో వేరేగా అడిగాను. "ఇంటికెళ్లగానే పాల డబ్బా ఎక్కడ పెడతావు?"

నవ్వింది. ఫ్రిజ్‌లో పెట్టదట. మెట్లు ఎక్కకుండానే పక్కింటి పంజాబీ ఆవిడకి ఇచ్చేస్తుందట. ఆవిడ పన్నీరు విరగ్గొట్టుకుని, బదులుగా పెరట్లో పచ్చిమిరపకాయలూ కొత్తిమీరా ఇస్తుంది. నేను గొప్పగా లెక్కరాసిన నాలుగు నెలల పాలు అలా గోడ దాటిపోయాయి. పథకం సరుకు మరొకరికి ఇవ్వడం తప్పు, రాయాలి. ఆ రోజు నా పెన్నులో సిరా అయిపోయిందనుకో.

ఆవిడ అబద్ధమాడిందని నేను ఇప్పటికీ అనుకోను. పాలు తాగితే కడుపు ఉబ్బి రాత్రంతా మెలికలు తిరుగుతుంది, ఆ మాట ఆఫీసరమ్మకి చెబితే చీటీలన్నీ ఎక్కడ ఆపేస్తారోనని భయం. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైము పసితనంలో దాదాపు అందరికీ ఉంటుంది, పెరిగేకొద్దీ ప్రపంచంలో మూడింట రెండొంతుల మందికి తగ్గిపోతుంది. అంటే అరిగేవాళ్లే తక్కువమంది. ఉత్తరాది వాళ్లకంటే మన దక్షిణాది వాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. మనకి తెలియకపోవడానికి కారణం మజ్జిగ. తోడు వేసిన రాత్రే ఆ చక్కెరలో కొంత తోడే తినేస్తుంది.

2. 'పడదు' అంటే ఏమిటో విడదీసి అడుగు.

మన భాషలో ఈ మాట ఎంత చాకిరీ చేస్తుందో చూడు. పాలు తాగితే ఉబ్బరమైతే పడదు. ఒళ్లంతా దద్దుర్లొస్తే పడదు. వాసన నచ్చకపోతే పడదు. అత్తగారికీ కోడలికీ పడదు. బాలింతరాలిని "పాలు పడ్డాయా?" అని అడిగితే అది మరో సంగతి. తెలుగు తల్లి వచ్చి "మావాడికి పాలు పడవండీ" అంటే వెంటనే సోయా అని రాసెయ్యకు.

ఉబ్బరమే అయితే సోయాతో పని లేకపోవచ్చు. లాక్టోజ్ లేని పాలు ఉన్నాయి, అవి అచ్చంగా ఆవుపాలే. పెరుగు సరిపడుతుందేమో అడుగు. 2014 నిబంధనల తర్వాత పాలలో ఒక క్వార్టు బదులు పెరుగు ఇచ్చే వీలు రాష్ట్రాలకి వచ్చింది. (క్వార్టు అంటే లీటరుకి కాస్త తక్కువ. మొదట్లో మీ మావయ్య ఈ మాట విని మన ఊరి వైన్‌షాపు క్వార్టరు అనుకుని కంగారుపడ్డారు.) దద్దుర్లూ, వాంతులూ, మూతి వాచడం అంటే అది అలర్జీ, అందులో మన తెలివితేటలు పనికిరావు, డాక్టరు చూడాలి. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి సోయా కూడా సరిపడదు. ఇక నచ్చకపోవడం, లేదా మాంసం పాలు రెండూ మానేసిన ఇల్లు, లేదా మతం. అవి జబ్బులు కావు, అయినా కారణాలే. ఆ తేడా తెలియడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు దొరకడమే మన ఉద్యోగంలో కష్టం.

3. ఏడాది నిండని బిడ్డకి డబ్బా సోయా పాలు వద్దు.

దీంట్లో బేరం లేదు. తల్లిపాలు, అవి లేకపోతే పసిపిల్లల ఫార్ములా. సోయాతో చేసిన ఫార్ములా వేరు, కొట్లో పెద్దవాళ్లు తాగే సోయా పాలు వేరు. రెండింటి మీదా సోయా అనే ఉంటుంది. ఖరీదు తక్కువని పెద్దవాళ్ల సోయా పాలు సీసాలో పోసిన తండ్రిని చూశాను. ఆ ఏడాది ఆవుపాలూ అంతే, తాగడానికి వద్దు.

4. డబ్బా ముందు చదవకు, వెనక చదువు.

మన తెలుగుకి తెల్లగా ఉన్నదల్లా పాలే. కొబ్బరిపాలు, జిల్లేడుపాలు, మేస్త్రీ గోడకి కొట్టే సిమెంటుపాలు. పొలంలో కంకి కూడా పాలుపోసుకుంటుంది. అమెరికా ప్రభుత్వ పుస్తకం మాత్రం ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. నేను ఉన్నన్నాళ్లూ విక్ నిబంధనల్లో 'సోయా పాలు' అనే మాట కనబడలేదు, 'సోయా పానీయం' అని ఉండేది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ కూడా మొక్కల పానీయాలకి పాల పేరు పెట్టుకోవద్దంది. ఈ పేరు గొడవ పాల వ్యాపారులదీ సోయా వ్యాపారులదీ, మనకెందుకులే అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, పేరు వల్లే తల్లులు మోసపోతున్నారని.

ఒకావిడ రెండేళ్ల పిల్లాడిని తీసుకొచ్చింది. బరువు గీత మూడుసార్లుగా చదునుగా ఉంది. ఏం తాగుతాడంటే "పాలే, రోజుకి మూడు కప్పులు" అంది. సంచీలోంచి డబ్బా తీసి చూపించింది. ముందువైపు పెద్ద గ్లాసు, తెల్లటి ధార, బాదం పప్పులు. డబ్బా తిప్పి, కప్పుకి ప్రొటీన్ ఉన్న చోట వేలు పెట్టాను. ఒక గ్రాము. పక్కనే మా బీరువాలోంచి నమూనా సోయా డబ్బా తీసి అదే వరసలో వేలు పెట్టాను. ఎనిమిది. ఆవిడ రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా చూపుడు వేళ్లు ఆనించి చాలాసేపు అలాగే చూసింది. "మూడు కప్పులంటే మూడు గ్రాములేనా?" అంది. నేను మాట్లాడలేదు.

నేను పనిచేసిన రోజుల్లో విక్‌లో చెల్లే సోయా పానీయానికి కప్పుకి కొలత ఇది: ప్రొటీన్ 8 గ్రాములు, కాల్షియం 276 మిల్లీగ్రాములు, పొటాషియం 349 మిల్లీగ్రాములు, వాటితో పాటు విటమిన్ ఏ, డీ, బీ12, రైబోఫ్లేవిన్, మెగ్నీషియం, ఫాస్ఫరస్. ఆవుపాలలో ఉన్నంత ఇందులోనూ ఉండాలన్నది లెక్క. సోయాకి ప్రొటీన్ పుట్టుకతోనే ఉంది, కాల్షియం మాత్రం బయటనుంచి కలపాలి. అందుకే ఇంట్లో రుబ్బి వడగట్టిన సోయా పాలు రుచికి ఎంత బాగున్నా కాల్షియం లెక్కకి రావు. ఒక చైనా మామ్మ ఈ మాటకి నా మీద అలిగింది. ఆవిడ అమ్మమ్మ కూడా రుబ్బిన పాలే తాగి తొంభై ఏళ్లు బతికిందట. బతికి ఉండొచ్చు, కాదనలేదు. ఆ అమ్మమ్మ ఆకుకూరలు కూడా తిని ఉంటుంది కదా.

బియ్యం పాలు, కొబ్బరి పాలు ఈ కొలతకి ఆమడ దూరం. అప్పటి అమెరికా ఆహార మార్గదర్శకాలు కూడా పోషకాలు కలిపిన సోయా పానీయాన్నే పాల వర్గంలో చేర్చుకున్నాయి, బాదంనీ బియ్యాన్నీ గుమ్మం బయటే ఉంచాయి.

5. ఊపి పొయ్యమని చెప్పు.

కలిపిన కాల్షియం డబ్బా అడుగుకి దిగుతుంది. ఊపకుండా పోస్తే పైన నీళ్లు బిడ్డకి, అడుగున కాల్షియం చెత్తబుట్టకి.

6. డాక్టరు చీటీ అడిగే ముందు, ఆ చీటీ తేవడానికి ఎన్ని బస్సులు మారాలో అడుగు.

ఇది కాస్త పొడుగు, ఓపిక పట్టు. నేను చేరినప్పుడు పాలకి బదులుగా చీజ్ ఉండేది, లాక్టోజ్ తగ్గించిన పాలు ఉండేవి. సోయా ఊసే లేదు. 2005లో వైద్య నిపుణుల సంస్థ ఒకటి విక్ సరుకుల జాబితా అంతా తిరగరాయమని నివేదిక ఇచ్చింది. 2007 డిసెంబరులో మధ్యంతర నిబంధనలు వచ్చాయి, 2009 అక్టోబరు ఒకటికల్లా రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలన్నారు. పళ్లూ కూరగాయలూ, పొట్టు తీయని ధాన్యాలూ, సోయా పానీయం, సోయాతో చేసే టోఫూ అన్నీ అప్పుడే వచ్చాయి. ఆ అక్టోబరులో కొత్త బొమ్మల పుస్తకం ఇచ్చినప్పుడు ఒక హ్మాంగ్ అమ్మమ్మ టోఫూ బొమ్మ మీద అరచెయ్యి పెట్టి, చుట్టూ ఉన్నవాళ్లకి ఏదో గట్టిగా చెప్పింది. అందరూ నవ్వారు. ఏమందని దుబాసీని అడిగితే, "ముప్పై ఏళ్లకి వీళ్లకి మేం తినేది తిండే అని తెలిసిందట" అంది.

కానీ మెలిక ఒకటి పెట్టారు. ఆడవాళ్లు తమ కోసం సోయా తీసుకోవచ్చు, పిల్లలకి కావాలంటే డాక్టరు రాతపూర్వకంగా ఇవ్వాలి. కాగితం మీద ఇది జాగ్రత్తలాగే కనబడుతుంది. క్లినిక్‌లో దీని రూపం వేరు. ద్రాక్షతోటలో పనిచేసే ఒక తల్లి ఉండేది. పిల్లకి మూడేళ్లు, పాలు ముట్టదు. డాక్టరు అపాయింట్‌మెంటు మూడు వారాల తర్వాత దొరికింది. ఆ రోజు కూలి పోయింది. రెండు బస్సులు మారి వెళ్లి చీటీ తెచ్చింది. చీటీలో 'సోయా ఇవ్వండి' అని ఉంది, సంతకం ఉంది, ఏ జబ్బుకో రాయలేదు. నేను ఆ కాగితాన్ని వెనక్కి ఇచ్చాను. నిబంధన ప్రకారం ఇవ్వాలి, ఇచ్చాను. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, థాంక్యూ అని చెప్పి మరీ వెళ్లింది. మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచెయ్యలేదు.

డాక్టరు ఆఫీసువాళ్ల మీద అప్పట్లో బాగా కోపం వచ్చింది, ఒక గడి నింపితే వాళ్ల సొమ్మేం పోయిందని. కోపం చల్లారాక చూస్తే ఆ గడిని పట్టుకుని వేలాడింది నేనే. అక్కడే ఫోన్ తీసి ఆ ఆఫీసుకి చేసి, కారణం ఫ్యాక్సు చెయ్యమని అడిగి ఉండొచ్చు. ఆ తర్వాత అలాగే చేశాను, ప్రతిసారీ. 2014 మార్చిలో వచ్చిన తుది నిబంధనలు పిల్లల సోయాకి ఈ డాక్టరు కాగితం అక్కర్లేదన్నాయి, ఎదురుగా కూర్చున్న పోషకాహార నిపుణురాలు మాట్లాడి నిర్ణయించవచ్చన్నాయి. అంటే నువ్వు. ఆ అధికారం నీకు ఊరికే రాలేదు.

7. నెలకోసారైనా కొట్టుకి వెళ్లి సోయా అర ముందు నిలబడు.

జాబితాలో ఉన్న సోయా డబ్బా అరలో ఉండాలని లేదు. కాగితం చీటీల రోజుల్లో చీటీ మీద రాసినవన్నీ ఒకేసారి తీసుకోవాలి, దొరకనిది పోయినట్టే. ఒకసారి నా సొంత సరుకులతో వరసలో నిలబడ్డాను. ముందు ఒకావిడ, చంకలో బిడ్డ, తోపుడుబండిలో ఇంకో బిడ్డ. చీటీలో ఒక సైజు రాసి ఉంది, అరలో ఇంకో సైజే ఉంది. గల్లా దగ్గర అమ్మాయి మేనేజరుని పిలిచింది. మేనేజరు లామినేషన్ చేసిన కాగితం తెచ్చి బ్రాండు చూశాడు, సైజు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. వెనకాల ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఆవిడ సోయా ఒక్కటే కాదు, గుడ్లూ తృణధాన్యాలూ అన్నీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. నేను ఆవిడకి రాసిచ్చిన చీటీ కాదది. అయినా ముఖం తిప్పుకున్నాను.

ఇప్పుడు కార్డు వచ్చింది. 2020 అక్టోబరుకల్లా అన్ని రాష్ట్రాలూ కార్డుకి మారాలని చట్టంలో ఉంది. ఇవాళ గుడ్లు, రేపు సోయా అని విడివిడిగా తీసుకోవచ్చు. సగం అవమానం దాంతో పోయింది. మిగతా సగం అర దగ్గరుంది. ఏ కొట్టులో ఏ బ్రాండు ఏ సైజు ఎప్పుడూ ఉంటుందో ఒక పాత నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మా క్లినిక్‌లో ఏ మార్గదర్శక పుస్తకం కంటే ఆ నోటుబుక్కే ఎక్కువ నలిగింది.

8. టోఫూ పేరు చెప్పి ఊరుకోకు, ఎలా వండాలో చెప్పు.

ఒక క్వార్టు పాలకి ఒక పౌండు టోఫూ అని లెక్క. నేను ఉన్నప్పుడు కాల్షియం లవణంతో విరగ్గొట్టినదే చెల్లేది. వెనక పదార్థాల జాబితాలో కాల్షియం సల్ఫేట్ అని ఉందో లేదో చూపించు. ఉప్పూ నూనే కలిపి రుచి పట్టించినవి చెల్లవు.

ఆదిలాబాదు వైపు అమ్మాయి ఒకతె వచ్చింది. మొగుడు యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు, తనకి పనిచెయ్యడానికి వీలులేని వీసా, ఐదో నెల. లోపలికి రావడానికే జంకింది. "ఆంటీ, ఇది తీసుకుంటే రేపు గ్రీన్‌కార్డుకి ఏమన్న అడ్డమైతదా?" విక్‌లో వీసా కాగితాలు అడగరు, నేను ఉన్నన్నాళ్లూ దీన్ని ఆ లెక్కలో చూడలేదు కూడా. అది చెబితే కాస్త కుదుటపడి కూర్చుంది. పాలు తాగితే వాంతి. పెరుగు తింటుంది. టోఫూ బొమ్మ చూపిస్తే "గిదేంది, పన్నీరా?" అంది. సోయా గింజలతో చేస్తారన్నాను. నోరు తెరిచింది.

"మా నాయిన సోయా ఏస్తడు ఆంటీ. నాలుగెకరాలు. ఇంట్ల ఎన్నడూ వండలే. కోసుడు, ఎండబెట్టుడు, మార్కెట్ల అమ్ముడు. నూనె మిల్లుకి పోతది. మీల్‌మేకర్ మాత్రం కొట్ల కొంటం."

ఆ మాట మీద ఇద్దరం ఎంతసేపు నవ్వామో. ఆ అమ్మాయికి టోఫూ పోషకాల పట్టిక చెప్పి లాభం లేదని అర్థమైంది. గుడ్డలో చుట్టి పైన రోలో, నీళ్ల గిన్నో పెట్టి అరగంట వదిలెయ్యమన్నాను. నీరంతా దిగాక చేత్తో చిదిమి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ కరివేపాకూ తాలింపులో బాగా వేగాక పసుపు వేసి కోడిగుడ్డు పొరటులా తిప్పమన్నాను. పన్నీరు అనుకుని పాలక్‌లో వేస్తే నిరాశే, పాలవాసన రాదు. పొరటు అనుకుంటే మోసం లేదు. వచ్చే నెల వచ్చి, "ఆయన గుడ్డే అనుకున్నడు ఆంటీ" అంది.

సోయా పాలకి తోడు పెట్టి కూడా చూశాను, మన పెరుగన్నం ఆశతో. తోడుకుంది. అడుగున నీరు చేరింది, పచ్చి బఠాణీ వాసన పోలేదు. ఆవపెట్టి తాలింపు వేస్తే పెరుగుపచ్చడిగా నడిచింది. ఉత్త అన్నంలోకి నేను ఒప్పుకోను. ఇంకోటి, మామూలు పెరుగు తోడులో పాలుంటాయి, అలర్జీ ఉన్న ఇంట్లో ఈ ప్రయోగం చెయ్యనివ్వకు.

9. పుకారు విని నవ్వకు.

"సోయా తాగితే మగపిల్లాడికి ఆడ లక్షణాలొస్తాయట కదా?" ఈ ప్రశ్న పంజాబీ తండ్రి అడిగాడు, మెక్సికో మామ్మ అడిగింది, మన తెలుగు వాట్సాప్ గుంపులూ అడుగుతాయి. సోయాలో ఈస్ట్రోజెన్‌ని పోలిన పదార్థాలు ఉన్నమాట నిజం, పోలిక వేరు, ఈస్ట్రోజెన్ వేరు. మగవాళ్ల మీద చేసిన పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో టెస్టోస్టెరాన్ తగ్గినట్టు తేలలేదు. ఇలా చెబితే చాలామంది వింటారు. నవ్వి కొట్టిపారేస్తే తలూపి వెళ్లిపోతారు, డబ్బా ముట్టుకోరు. ఒక్క జాగ్రత్త మాత్రం నువ్వే గుర్తుపెట్టుకుని చెప్పాలి: తల్లి థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, మాత్రకీ సోయాకీ మధ్య ఎడం ఉండాలి, ఎంతసేపో డాక్టరుని అడగమను.

ఇంకో పక్క భక్తులు ఉంటారు, సోయా అమృతం, ఆవుపాలు విషం అంటారు. వాళ్లకి గాంధీగారి సంగతి చెప్పేదాన్ని. ఆవు, గేదె పాలు తాగనని ఒట్టు పెట్టుకున్నాయన, జబ్బున పడి మేకపాలకి ఒప్పుకోవాల్సి వచ్చింది. పాలకి సాటి వచ్చే మొక్కల తిండి కోసం ఆ తర్వాతా వెతుకుతూనే ఉన్నాడు. 1935లో వార్ధా మగన్‌వాడీలో సోయా వండించి చూశాడు, హరిజన్ పత్రికలో రాశాడు. మేకని మాత్రం వదల్లేదు. ఆయనకి ఇప్పటి బీ12 కలిపిన డబ్బా దొరికి ఉంటే ఏం చేసేవాడో!

10. పాలు తగ్గించారని తిడితే, ముందు విను.

2024 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలు పాల వాటా కోశాయి. రెండేళ్లు నిండిన పిల్లలకి నెలకి 16 క్వార్టులు ఉండేది 14 అయింది, ఏడాది పిల్లలకి 12. గర్భిణికి 22 నుంచి 16. సోయా తీసుకునేవాళ్లకీ అంతే తగ్గుతుంది, ఎందుకంటే వాళ్లది పాల బదులు వాటాయే. సోయాకి మారితే ఎక్కువ వస్తుందని ఎవరో చెప్పారని ఒకావిడ వచ్చిందన్నావే, ఆవిడకి ఇది నెమ్మదిగా చెప్పు. పళ్లూ కూరగాయల సొమ్ము పెంచినది నిలబెట్టారు, సోయా పెరుగులాంటి వాటికీ చోటిచ్చారు, లాక్టోజ్ లేని పాలు తప్పనిసరిగా ఉంచమన్నారు. నన్నడిగితే ఇది మంచి మార్పే. అంతకుముందు ఇచ్చిన పాలు ఏడాది పిల్లలకి కావలసినదానికంటే ఎక్కువే. కానీ అద్దె కట్టాక చేతిలో ఏమీ మిగలని తల్లికి రెండు క్వార్టులు తగ్గడం అంటే రెండు క్వార్టులు తగ్గడమే, నీ దగ్గర ఎంత మంచి పట్టిక ఉన్నా.

11. ఐదో పుట్టినరోజుకి ముందే ఉత్తరం రాయించు.

ఐదు నిండగానే విక్ ఆగిపోతుంది. బడి మొదలవుతుంది, అక్కడ మధ్యాహ్న భోజనం ట్రేలో మళ్లీ ఆవుపాలు. నాలుగేళ్లు సోయా తాగి నిలదొక్కుకున్న పిల్లవాడు అక్కడ ఆ డబ్బా తెరవకుండానే చెత్తలో పడేస్తాడు. బళ్లలో కూడా విక్ కొలతకి సరితూగే సోయా పానీయం ఇవ్వవచ్చని 2008లో నిబంధన వచ్చింది. అలర్జీలాంటి వైకల్యం ఉంటే బడికి తప్పదు, నేను ఉన్నప్పుడు దానికి డాక్టరు కాగితం కావాలనేవారు. ఉత్త ఉబ్బరమో, ఇంటి ఆచారమో అయితే తల్లి రాసిచ్చినా చాలు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది బడి ఇష్టం, అదనపు ఖర్చు బడిదే. అందుకే కొన్ని బళ్లు చెవుడు నటిస్తాయి. అడగనివాళ్లకి అసలే రాదు.

నా సొరుగులో నమూనా ఉత్తరం ఒకటి ఉండేది, ఇంగ్లీషులో, స్పానిష్‌లో, హ్మాంగ్‌లో. తెలుగులో ఎవరూ అడగలేదు. నాలుగు ముక్కలే. మా బిడ్డ పేరు ఇది, తరగతి ఇది. పాలు తాగితే ఫలానా ఇబ్బంది. పాలకి బదులు సోయా పానీయం ఇవ్వగలరని కోరుతున్నాను. కింద సంతకం, ఫోన్ నంబరు. ఇబ్బంది ఏమిటో రాసే వాక్యం వదిలెయ్యకు, అది లేకపోతే చెల్లదు. తేదీ కూడా వేయించు. తేదీ లేదని ఒక తల్లి ఉత్తరాన్ని బడి వెనక్కి పంపితే, ఆవిడ ఆ కాగితం పట్టుకుని తిన్నగా నా టేబులు దగ్గరికే వచ్చింది. నా పెన్నే ఇచ్చాను, అక్కడే నిలబడి వేసుకుని వెళ్లింది.